ఫాలోవర్ల లెక్క అడిగే కార్యవర్గాలకు ఒక బహిరంగ లేఖ

స్వచ్ఛంద సంస్థలు, గ్రంథాలయాలు, నాటక బృందాలు, రక్తదాతల సంఘాలు నడిపే కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

మీ సంస్థ పేజీలో పోస్టులు పెట్టేది నేనే. మీలో కొందరికి నా పేరు తెలుసు. చాలామందికి నేను "ఆ ఫేస్‌బుక్ చూసుకునే మనిషి"ని. ఎనిమిదేళ్లలో నాలుగైదు సంస్థలకు ఈ పని చేశాను, కొన్నిచోట్ల జీతానికి, కొన్నిచోట్ల ఊరికే. ఎక్కడికి వెళ్లినా నెలవారీ సమావేశంలో నా వంతు వచ్చేసరికి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇప్పుడు ఫాలోవర్లు ఎంతమంది?"

చెబుతాను. పోయిన నెలకంటే ఎక్కువైతే తలలూపుతారు. తక్కువైతే, పక్క సంస్థకు మనకంటే రెట్టింపు ఉన్నారని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. ఆపైన అజెండాలో తర్వాతి అంశానికి వెళ్లిపోతారు. రెండు నిమిషాలు కూడా పట్టదు. నెలరోజుల పనికి అంతకంటే ఎక్కువ సమయం ఇవ్వరని నాకు బాధ లేదు, ఆ రెండు నిమిషాలూ పనికిరాని ప్రశ్న మీద పోతున్నాయనే బాధ. సమావేశంలో నోరు తెరిచి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. మన పేజీని ఫాలో అయినవాళ్లందరికీ మన పోస్టు కనిపిస్తుందని మీలో చాలామంది నమ్మకం. ఒకప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్తది పైన, పాతది కింద, వరసగా వచ్చేవి. 2016లో ఆ వరస పోయింది. ఎవరికి ఏది ముందు చూపాలో అల్గారిదమ్, అంటే ఆ కంపెనీ కంప్యూటర్లకు నేర్పిన లెక్క, నిర్ణయించడం మొదలైంది. ఫేస్‌బుక్ ఆ దారి అంతకుముందే పట్టింది. 2018 జనవరిలో అయితే మార్క్ జుకర్‌బర్గ్ దాపరికం లేకుండానే చెప్పేశారు: ఇకపై వ్యాపారాల, పత్రికల, సంస్థల పోస్టులు తక్కువగా కనిపిస్తాయి, స్నేహితుల మధ్య, ఇంటివాళ్ల మధ్య మాటలు నడిచే పోస్టులకు ఎక్కువ చోటు దొరుకుతుంది అని. అంటే పదివేల మంది ఫాలోవర్లున్న పేజీ పోస్టును పదివేల మందీ చూస్తారన్న లెక్క ఎప్పుడో చెల్లిపోయింది. మన పోస్టు కింద మాట పుడితేనే అది నలుగురి కంటా పడుతుంది. మాట పుట్టకపోతే మన గోడ మీద మనమే కాగితం అంటించి మనమే చదువుకున్నట్టు.

పైగా ఆ అంకెలో ఎంతమంది మనుషులో కూడా తెలియదు. 2014 డిసెంబర్‌లో ఇన్‌స్టాగ్రామ్ నకిలీ ఖాతాలను ఏరిపారేస్తే, పేరున్నవాళ్ల ఖాతాల్లో లక్షల ఫాలోవర్లు రాత్రికి రాత్రే మాయమయ్యారు. 2018 జులైలో ట్విట్టర్ కూడా అలాంటి పనే చేసింది. ట్విట్టర్ సొంత ఖాతాకే లక్షల్లో తగ్గారు. వాళ్ల ఇంట్లో వాళ్లే లెక్క సరిగ్గా పెట్టుకోలేకపోతే మనమెంత?

"వీక్షణలు" అనే మాటా అంతే. ఫేస్‌బుక్ లెక్కలో ఏళ్ల తరబడి, వీడియో మూడు సెకన్లు నడిస్తే చాలు, ఒక వీక్షణ. వేలితో కిందికి జరుపుకుంటూ పోయే మనిషి మూడు సెకన్లు ఆగాడంటే చూశాడనుకోవాలా, తుమ్మాడనుకోవాలా? 2016లో ఫేస్‌బుక్ తన తప్పు ఒకటి ఒప్పుకుంది. సగటున ఒక వీడియోను ఎంతసేపు చూస్తున్నారో చెప్పే లెక్కలో, మూడు సెకన్లలోపు వెళ్లిపోయినవాళ్లను వదిలేసి సగటు తీసిందట. దాంతో ఆ సగటు ఉన్నదానికంటే బాగా ఎక్కువగా కనిపించింది. ప్రకటనదారులు కోర్టుకెక్కారు. 2019లో 4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అంకెలు అబద్ధాలని నేననను. దేన్ని కొలుస్తున్నాయో తెలియకుండా వాటిని మినిట్స్ పుస్తకంలో రాసుకోవద్దంటున్నాను, అంతే.

ఒక సంస్థలో జరిగింది చెబుతాను. పేరెందుకులెండి. అధ్యక్షులవారికి ఫాలోవర్లు తక్కువయ్యారని టెన్షన్ పట్టుకుంది. "పేజీ ఫాలో అవ్వండి, ముగ్గురిని ట్యాగ్ చేయండి, లక్కీ డ్రాలో ఫోన్ గెలవండి" అని పోస్టు పెట్టమన్నారు. అలా ట్యాగులు, షేర్లు అడుక్కునే పోస్టులను కిందికి నెట్టేస్తామని ఫేస్‌బుక్ 2017లోనే ప్రకటించిందని చెప్పాను. వినలేదు. పెట్టాను. వారం రోజుల్లో వేలమంది వచ్చారు. డ్రా అయిపోయింది. వచ్చినవాళ్లలో కొందరు వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు ఉన్నారో లేరో తెలియకుండా ఉండిపోయారు. ఆ వెళ్లిపోయినవాళ్లతో నష్టం లేదు, ఉండిపోయినవాళ్లే ముంచారు. ఆ తర్వాత ఏ పోస్టు పెట్టినా ముందు కొంతమందికి వెళ్తుంది, వాళ్లు పట్టించుకోరు, ఎవరూ పట్టించుకోని పోస్టును అల్గారిదమ్ మాత్రం ఇంకొకరికి ఎందుకు చూపిస్తుంది? అంతకుముందు ప్రతి పోస్టుకూ పాతిక ముప్పై కామెంట్లు పెట్టే మన పాత మిత్రులకు కూడా మన మాట చేరడం మానేసింది. ఆ నెల సమావేశంలో మాత్రం నాకు చప్పట్లు కొట్టారు. జీవితంలో అంత సిగ్గుపడుతూ చప్పట్లు అందుకోలేదు.

మరి ఏం అడగమంటావు అంటారు. ముందు ఒకటి తేల్చండి: ఈ పేజీ చూసి ఎవరు ఏం చేయాలని మన కోరిక? "అందరికీ తెలియాలి" అనేది జవాబు కాదు. ఆ "అందరూ" ఎవరో నాకు ఎనిమిదేళ్లుగా ఎదురుపడలేదు.

2012 మార్చిలో ఇన్విజిబుల్ చిల్డ్రన్ అనే అమెరికా సంస్థ, ఉగాండాలో పిల్లల్ని ఎత్తుకుపోయి సైనికులుగా మార్చిన జోసెఫ్ కోనీ గురించి అరగంట వీడియో ఒకటి వదిలింది. వారం తిరగకుండానే 10 కోట్ల వీక్షణలు. అప్పటిదాకా ఏ వీడియో అంత వేగంగా అంతమందిని చేరలేదు. ఏప్రిల్ 20 రాత్రి ఊరూరా బయటికొచ్చి కోనీ పోస్టర్లు అంటించాలని పిలుపిచ్చారు. ఆ రాత్రి చాలా నగరాల్లో వీధులు ఎప్పటిలాగే ఉన్నాయి, వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కోనీ దొరకలేదు. నెలన్నర ముందు కన్నీళ్లు పెట్టుకుని షేర్ చేసినవాళ్లు ఆ రాత్రి ఏమయ్యారు? వాళ్లు అబద్ధాలకోరులని నేననుకోను. షేర్ బటన్ నొక్కగానే తమ వంతు తీరిపోయిందని వాళ్లకు అనిపించింది, అలా అనిపించేలాగే అడిగారు.

రెండేళ్లకు, 2014 వేసవిలో, ఐస్ బకెట్ ఛాలెంజ్ వచ్చింది. చూడటానికి అదీ వేలంవెర్రే. కానీ అడిగిన తీరు చూడండి. నెత్తిన ఐసు నీళ్లు పోసుకో, లేదా విరాళమివ్వు. ముగ్గురిని పేరు పెట్టి పిలువు. వాళ్లకు 24 గంటలు గడువు. ఎవరు చేయాలో, ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో మూడూ ఉన్నాయి. పేరు పెట్టి పిలిచాక తప్పించుకోవడం కష్టం, చేయడం మాత్రం తేలిక. ఫేస్‌బుక్‌లో 1.7 కోట్లకు పైగా వీడియోలు పడ్డాయి. కండరాలను నడిపే నాడీకణాలను చంపేసే ఏఎల్‌ఎస్ జబ్బు మీద పనిచేసే అమెరికా సంస్థకు 11.5 కోట్ల డాలర్లు చేరాయి. ఆ డబ్బు సాయంతో సాగిన పరిశోధనలో 2016లో ఎన్‌ఈకే1 అనే జన్యువుకు ఆ జబ్బుతో ఉన్న సంబంధం బయటపడింది. విశేషమేమిటంటే దీన్ని ఆ సంస్థ కార్యవర్గం కూర్చుని ఆలోచించి మొదలుపెట్టలేదు. ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ, మిత్రులూ ముందుకు తీసుకెళ్లారు. మనలో ఎవరైనా ఆ స్థానంలో ఉండుంటే "మన లోగో లేదేంటి" అని మొదటిరోజే ఆపేసేవాళ్లం.

ఇది చెప్పగానే "మనం కూడా ఒకటి వైరల్ చేద్దాం" అంటారని తెలుసు. వద్దు. వైరల్ అనే మాట జ్వరాల నుంచి వచ్చింది, వచ్చినంత వేగంగానూ పోతుంది. నాకు నచ్చే ఉదాహరణ ఇంకా చిన్నది.

2008 మేలో నాసా పంపిన ఫీనిక్స్ అనే వ్యోమనౌక అంగారకుడి మీద దిగింది. దాని తరఫున ట్విట్టర్‌లో రాసే పని నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో వెరోనికా మెక్‌గ్రెగర్ చూసుకున్నారు. అప్పట్లో ట్వీటుకు 140 అక్షరాలే. "ఫీనిక్స్ ల్యాండర్ ఈరోజు మట్టి తవ్వింది" అని రాస్తే సగం చోటు పేరుకే పోతుంది. అందుకని "నేను తవ్వుతున్నాను" అని వ్యోమనౌకే మాట్లాడుతున్నట్టు రాశారు. చోటు కలిసొస్తుందని పెట్టిన "నేను" అది, జనానికి ప్రాణమున్నట్టు తోచింది. ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. అక్కడ చలి ఎంత, నీకు భయం లేదా, ఆ తెల్లగా కనిపిస్తున్నదేమిటి అని. ఆవిడ జవాబులిచ్చారు. శాస్త్రవేత్తలను అడిగి కనుక్కుని మరీ ఇచ్చారు. జూన్‌లో మట్టి కింద మంచు దొరికిందన్న కబురు ఆ ఖాతా నుంచే జనానికి చేరింది. నవంబర్‌లో చలికాలం ముంచుకొచ్చి ఎండ చాలక ఫీనిక్స్ మూగబోతే, ఒక యంత్రం కోసం నిజంగా బాధపడ్డవాళ్లున్నారు. ఇందులో ఖరీదైన వీడియో లేదు, డబ్బు కట్టి చేయించే బూస్ట్ లేదు, లక్కీ డ్రా లేదు. అడిగినవాడికి జవాబు చెప్పే మనిషి ఉన్నారు. ఆ మనిషికి జవాబు చెప్పే స్వేచ్ఛ ఉంది. ఈ రెండో దాని గురించే మీతో నా పేచీ.

మన ఇన్‌బాక్స్ మీరెప్పుడైనా చూశారా? నేను పనిచేసిన ఒక గ్రంథాలయం పేజీకి ఒకావిడ మెసేజ్ పెట్టారు. వాళ్ల అమ్మగారికి చూపు తగ్గింది, పెద్ద అక్షరాల పుస్తకాలు మీ దగ్గరున్నాయా అని. ఉన్నాయి. ఒక బీరువా నిండా ఉన్నాయి. కానీ సంస్థ తరఫున ఎవరికి ఏం చెప్పాలన్నా కార్యదర్శి అనుమతి కావాలని నియమం. కార్యదర్శి ప్రయాణంలో ఉన్నారు. పదకొండు రోజుల తర్వాత "ఉన్నాయి, రండి" అని రెండు మాటలు రాయడానికి నాకు అనుమతి దొరికింది. ఆవిడ ఆ మెసేజ్ చూశారు, ఏమీ అనలేదు. అదే పదకొండు రోజుల్లో మేము పేజీలో తొమ్మిది పోస్టులు పెట్టాం. వాటిలో ఆరు, వేదిక మీద వరసగా నిలబడ్డ పెద్దల ఫోటోలు. ఒకటి, గ్రంథాలయాలు సమాజానికి ఎంత అవసరమో చెప్పే కొటేషన్.

ఆవిడ ఫాలోవరో కాదో నాకు తెలియదు. కానీ ఆ రోజే జవాబిచ్చి ఉంటే ఆవిడ వచ్చేది, పుస్తకం తీసుకెళ్లేది, తనలాంటి ఇంకో నలుగురికి చెప్పేది. పేజీ పుట్టింది ఇందుకే కదా?

మాట్లాడనివాళ్ల సంగతి కూడా మరవొద్దు. ఆన్‌లైన్ బృందాల్లో సుమారు 90 శాతం మంది చదివి ఊరుకుంటారు, 9 శాతం అప్పుడప్పుడు నోరు విప్పుతారు, ఎక్కువ భాగం రాసేది ఆ మిగిలిన 1 శాతమేనని, జనం వెబ్‌సైట్లను ఎలా వాడతారో పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లో ఒక మోటు లెక్క చెప్పారు. ప్రతిచోటా అచ్చం అంతే ఉండదు, కానీ నా అనుభవంలో దానికి దగ్గరగానే ఉంటుంది. కాబట్టి ఒకరు కామెంట్‌లో ప్రశ్న అడిగారంటే అదే ప్రశ్న మనసులో ఉంచుకుని అడగనివాళ్లు ఎందరో ఉన్నారని అర్థం. నేనిచ్చే జవాబు ఆ ఒక్కరికే కాదు, చప్పుడు చేయకుండా చదువుతున్న వాళ్లందరికీ. కామెంట్లకు జవాబులు రాస్తూ కూర్చుంటే "టైమ్ వేస్ట్" అన్న కోశాధికారి గారు ఈ పేరా ఇంకోసారి చదవాలని మనవి.

విమర్శ వచ్చినప్పుడు కూడా ఇదే వరస. "మీ నాటకం నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది, చిన్నపిల్లతో కూర్చోలేక వెళ్లిపోయాం" అని ఒకరు రాశారు. డిలీట్ చేయమని నాకు ఫోన్ల మీద ఫోన్లు. చేయకుండా, "నిజమే, లైట్ల దగ్గర సమస్య వచ్చింది, ముందే చెప్పాల్సింది, తప్పు మాది" అని రాశాను. ఆయన మళ్లీ వచ్చారో లేదో తెలియదు. కానీ ఆ జవాబు కింద ముగ్గురు కొత్తవాళ్లు వచ్చే ప్రదర్శన ఎప్పుడని అడిగారు. బూతులు రాసేవాళ్లనూ, మనుషుల్ని కించపరిచేవాళ్లనూ నేనే బ్లాక్ చేస్తాను, అందులో మొహమాటం లేదు. ఫిర్యాదు బూతు కాదు.

రక్తదాతల సంఘాలవాళ్లకు విడిగా ఒక మాట. "అర్జెంటుగా రక్తం కావాలి, షేర్ చేయండి" అని తేదీ లేకుండా, టైమ్ లేకుండా పెట్టే పోస్టులు దయచేసి ఆపండి. అవి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. ఆ రోగి ఎప్పుడో ఇంటికెళ్లి ఉంటారు, ఆ నంబరుకు మాత్రం ఫోన్లు ఆగవు. రెండుసార్లు అలా ఫోన్ చేసి "ఎప్పటి సంగతండీ ఇది" అనిపించుకున్న దాత మూడోసారి ఫోన్ తీయడు. నేను నేర్చుకున్న పద్ధతి ఇది: పోస్టులో మొదటి ముక్క తేదీ, టైమ్. తర్వాత ఏ గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ ఆసుపత్రి. బొమ్మ మీద రాసిందంతా కింద అక్షరాల్లో కూడా ఉండాలి, చూపులేనివాళ్ల ఫోన్ బొమ్మలోని రాతను సరిగ్గా చదవలేదు, వెతికితే దొరకను కూడా దొరకదు. అన్నిటికంటే ముఖ్యం, రక్తం అందగానే అదే పోస్టును ఎడిట్ చేసి పైన "అందింది, ధన్యవాదాలు" అని రాయడం. కొత్త పోస్టు పెట్టడం కాదు, పాతదాన్నే మార్చడం. ఆ ఒక్క మాట చూసి "ఈ పిలుపుకు పని జరిగింది" అనుకున్న దాత మళ్లీ వస్తాడు. నేను పనిచేసిన సంఘంలో కొత్త ఫాలోవర్ల కోసం వెంపర్లాట మానేసి ఏడాది పాటు ఈ ఒక్క పనే శ్రద్ధగా చేశాం. ఫాలోవర్ల అంకె దాదాపు కదల్లేదు. రాత్రి పదింటికి పిలిచినా పలికేవాళ్లు పెరిగారు.

ఇక ఎన్ని యాప్‌లలో ఉండాలన్న చర్చ. కొత్తది ఏది వచ్చినా "మనం కూడా ఉండాలి" అంటారు. ఒక మనిషితో ఐదు చోట్ల నడిపిస్తే ఐదు చోట్లా ఒకే పోస్టు అతికించడమే అవుతుంది, ఎక్కడా జవాబు చెప్పేవాళ్లుండరు. మనవాళ్లు ఎక్కువగా ఉన్నచోట ఒకటి, మహా అయితే రెండు. అవీ శాశ్వతం అనుకోవద్దు. ఆర్కుట్ 2014లో మూతపడింది. చిన్న వీడియోల యాప్ వైన్ 2017లో, గూగుల్ ప్లస్ 2019లో పోయాయి. అదే 2019లో మైస్పేస్ అనే పాత సైట్, సర్వర్లు మార్చేటప్పుడు 2016కు ముందు జనం ఎక్కించుకున్న పాటలూ ఫోటోలూ వీడియోలూ పోయాయని ఒప్పుకుంది. వాటికి వేరే కాపీ ఉంచుకోని కళాకారులకు ఏళ్ల శ్రమ ఆనవాలు లేకుండా పోయింది. అందుకని మన ఫోటోలు, వీడియోలు మన దగ్గర విడిగా దాచుకోవాలి. ఇష్టపడి ఇచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు, వాళ్లను ఎందుకు పిలవచ్చో కూడా రాసుకుని, మన రిజిస్టరులో ఉండాలి. పేజీకి ఇద్దరు అడ్మిన్లు తప్పనిసరి. ఒక సంస్థలో పాస్‌వర్డ్ తెలిసిన ఒకే ఒక్క మనిషి అలిగి వెళ్లిపోతే ఎనిమిది నెలలు పేజీ బొమ్మలా పడి ఉంది.

నేను అడుగుతున్నవి పెద్దవేమీ కావు. సమయాలు, చిరునామా, సభ్యత్వం, ఉందా లేదా వంటి మామూలు ప్రశ్నలకు ఎవరినీ అడగకుండా అదేరోజు జవాబిచ్చే అధికారం నాకివ్వండి. డబ్బు సంగతి, వివాదం, ఎవరి ఆరోగ్యమో ఉన్నవి మీ దాకా తెస్తాను. పోస్టుల సంఖ్య నన్ను నిర్ణయించుకోనివ్వండి. చెప్పడానికేమీ లేని వారం ఊరుకునే హక్కు కూడా కావాలి. వేదిక ఫోటోలు మానేయమనను, పది ఫోటోలకు బదులు ఒకటి పెడదాం. మిగతా చోటు పనిచేసేవాళ్లకిద్దాం: పుస్తకానికి అట్ట వేసే చేతులు, రిహార్సల్‌లో మాట మర్చిపోయి నవ్వుతున్న నటుడు. అలాంటి ఫోటో కింద ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు, చూడండి. ఫోటోలో ఉన్నవాళ్లను అడిగి, ఒప్పుకున్నాకే పెడతాను.

సమావేశంలో నా వంతు వచ్చినప్పుడు ఈ నెల ఎవరెవరు ఏమడిగారో అడగండి. ఎంతమందికి జవాబు చెప్పాం, ఎంతసేపట్లో చెప్పాం, చెప్పాక వాళ్లు వచ్చారా, పోయిన నెల వచ్చినవాళ్లు ఈ నెల మళ్లీ కనిపించారా, ఇవి అడగండి. కొన్నిటికి నా దగ్గర అంకె ఉండదు, కథ ఉంటుంది. కథకు రెండు నిమిషాలు చాలవు, ఐదివ్వండి.

వచ్చే సమావేశానికి నేను అంకెల షీటు తేవడం లేదు. ఇన్‌బాక్స్ ప్రింటు తీసి, పేర్లూ నంబర్లూ కొట్టేసి, బల్ల మీద పెడతాను. జవాబు వెళ్లనివాటికి ఎర్ర గుర్తు ఉంటుంది.

ఇట్లు,
మీ పేజీ అడ్మిన్

తా.క.: పెద్ద అక్షరాల పుస్తకాలు అడిగినావిడకు నిన్న మళ్లీ రాశాను. ఆలస్యానికి క్షమాపణ చెప్పి, వాళ్ల అమ్మగారికి ఎలాంటి కథలిష్టమో అడిగాను. ఇంకా చూసినట్టు లేరు.